ట్రే మీద గుడ్డ

తెనాలిలో ఒక నర్సింగ్ హోములో ఏడేళ్ళు థియేటర్ పని చేశాను. అందరూ సిస్టర్ అని పిలిచేవాళ్ళు గానీ నేను చదివింది పదో తరగతి, ఆ తర్వాత ఆర్నెల్ల ట్రైనింగు, అంతే. మిగతాదంతా చూసి నేర్చుకున్నదే. అక్కడ అందరం అన్ని పనులూ చేసేవాళ్ళం గానీ ఒక్క డ్యూటీ మాత్రం నాదే. దాని గురించి చెప్పకుండా ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను, నాలాంటి నోటి దురుసు మనిషికి అది తేలికైన పనేం కాదు. ఆ డ్యూటీ చేస్తూనే నా సొంత చెల్లెలికి అన్యాయం చేశాను.

ఆపరేషన్ అయ్యాక, తీసిన గర్భసంచిని స్టీలు ట్రేలో పెట్టి, పైన ఆకుపచ్చ గుడ్డ కప్పి, తలుపు బయటికి తీసుకొచ్చి ఇంటివాళ్ళకి చూపించాలి. ఇదీ ఆ డ్యూటీ. ఆ రోజుల్లో, అంటే రెండువేల నాలుగు, ఐదు ప్రాంతంలో, మా వైపు చాలా చోట్ల ఇదే పద్ధతి. చూపించకపోతే అసలు తీశారో లేదోనని జనానికి అనుమానం. మొగుడో, అత్తగారో, తల్లో ముందుకొచ్చేవాళ్ళు. నేను గుడ్డ తీసి, "చూశారుగా, ఎంత వాచిపోయిందో. ఇంకో నెల ఆగుంటే క్యాన్సర్‌లోకి దిగేది" అనేదాన్ని. మా డాక్టరు మేడమ్ నేర్పిన మాట అది. మొదట్లో గుర్తుపెట్టుకుని అనేదాన్ని. పోనుపోను బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు చదివినట్టు దానంతటదే వచ్చేసేది.

చూసినవాళ్ళు ఏమంటారు? పుట్టి బుద్ధెరిగాక గర్భసంచిని చూసినవాళ్ళెవరు? నెత్తురుతో తడిసి ఎర్రగా కనిపించేసరికి "అమ్మో, ఇంత చెడిపోయిందా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. నాకు దండం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. మంచి గర్భసంచి ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు. ఏడేళ్ళు ట్రే మోసిన నాకూ తెలీదు.

పొద్దున్నే ఓపీ బెంచీల మీద ఖాళీ ఉండేది కాదు. కొలకలూరు నుంచి నాట్లు వేసే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వేటపాలెం నుంచి జీడిపప్పు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు వచ్చేవాళ్ళు, జీడికి మాడి వాళ్ళ వేళ్ళు నల్లగా ఉండేవి. స్కానింగుకి పొట్ట నిండా నీళ్ళు తాగి, బాత్‌రూమ్‌కి వెళ్ళకూడదని మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అందరిదీ ఇంచుమించు ఒకటే జబ్బు. తెల్లబట్ట, నడుం నొప్పి, నెలసరి సరిగా రాకపోవడం. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు చీటీ రాసి పంపేవాడు. మేడమ్ వాళ్ళని బల్ల మీద పడుకోబెట్టి లోపల చూసేది. సిగ్గుతో బిగుసుకుపోయినవాళ్ళని నేను బుజ్జగించేదాన్ని, మాట వినకపోతే కసిరేదాన్ని. "పిల్లల్ని కన్నావుగా, ఇప్పుడేంటి సిగ్గు, కాళ్ళు వదులు" అనేదాన్ని. తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అరనిమిషం చూసి మేడమ్ చేతులు కడుక్కుంటూ "సంచి మూతి మీద పుండు పడింది, తీసేయాలి" అనేది. వాళ్ళు కూడా పెద్దగా బాధపడేవాళ్ళు కాదు. పక్కింటావిడ తీయించుకుంది, తోడికోడలు తీయించుకుంది, ఇక తన వంతు వచ్చిందనుకునేవాళ్ళు. పిల్లలు పుట్టేశారు, ఇంకా దాంతో పనేంటి అనేవాళ్ళు. నేనూ అదే అనేదాన్ని.

మాది రేపల్లె. మా నాన్నకి మాంసం కొట్టు ఉండేది. మేం ఇద్దరు ఆడపిల్లలం, చెల్లి నాకంటే ఏడేళ్ళు చిన్నది. దానికి జడలు వేసిందీ, బడికి తీసుకెళ్ళిందీ, మొదటిసారి బట్టలో నెత్తురు చూసి ఏడుస్తుంటే సర్ది చెప్పిందీ నేనే. నేను ఆసుపత్రి ఉద్యోగం తెచ్చుకున్నాక దాని దృష్టిలో సగం డాక్టరునైపోయాను. జలుబు చేసినా పక్కింటి ఫోన్‌లోంచి నాకే చేసేది. రేపల్లె పక్కనే నగరం అనే ఊళ్ళో ఒక టైలరుకి ఇచ్చి చేశాం. ఇరవయ్యారేళ్ళకి ఇద్దరు పిల్లలు.

ఒకరోజు ఫోన్ చేసి, "ఆపా, తెల్లబట్ట ఎక్కువగా ఉంది, నడుం లాగేస్తోంది. ఇక్కడ ఆర్ఎంపీ గారు సంచి తీయించుకోమంటున్నాడు" అంది.

"ఎక్కడో ఎందుకే, మా దగ్గరికే రా. నేను దగ్గరుండి చేయిస్తా" అన్నాను. నా గొప్ప చూపించుకునే వేళ వచ్చిందని సంతోషపడ్డాను కూడా. ఇంకో డాక్టరుకి చూపిద్దామని గానీ, ముందు మందులు వాడి చూద్దామని గానీ నా బుర్రకి తట్టనేలేదు. మేడమ్ లోపల చూస్తున్నప్పుడు టార్చి పట్టుకున్నది నేనే. చెల్లి ఒక చేత్తో నా కొంగు పట్టుకుంది. "పుండు పడింది" అంది మేడమ్. నేను తలూపాను. చెల్లి నా మొహం చూసింది, నేను తలూపడం చూసి అదీ తలూపింది.

ఆపరేషన్ రోజు రేపల్లె బండిలో అమ్మీ వచ్చింది. మా అమ్మీ గురించి ఇక్కడ చెప్పాలి. నాన్న మేకను కోసి పొట్ట విప్పాక లోపలివన్నీ అమ్మీ ముందుకే వచ్చేవి. కార్జం, గుండె, పేగులు, బోటి, ఆడమేక అయితే దాని సంచి. అమ్మీ ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, తిప్పి, నొక్కి, వాసన చూసి, "ఇది మంచిది", "ఇది పాతెయ్" అనేది. పురుగు పట్టిన కార్జాన్ని పైపైన చూసి చెప్పేసేది. అమ్మీ పాతెయ్యమన్నదాన్ని నాన్న ఏనాడూ అమ్మలేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నలభై ఏళ్ళు అదే పని. ఆ వాసన వస్తుందని హైస్కూల్లో నేను అమ్మీ పక్కన కూర్చునేదాన్ని కాదు. ఆసుపత్రిలో చేరాక మా అమ్మ ఏం పని చేస్తుందో ఎవరికీ చెప్పలేదు.

చెల్లి ఆపరేషన్ అయిపోయింది. అంతా బాగానే జరిగిందని మేడమ్ అంది. నేను ట్రే సర్ది, గుడ్డ కప్పి, బయటికొచ్చాను. మరిది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, చూడనన్నాడు. అమ్మీ బురఖా ముసుగు వెనక్కి వేసుకుని ముందుకొచ్చింది. నేను గుడ్డ తీశాను. ఎదురుగా ఉన్నది మా అమ్మీ అని తెలిసి కూడా నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"చూశావుగా, ఎంత వాచిపోయిందో. ఇంకో నెల ఆగుంటే క్యాన్సర్‌లోకి దిగేది."

అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. కొట్లో వంగినట్టే ట్రే మీదికి వంగింది. నేను వద్దనేలోపే వేలితో ఒకచోట నొక్కింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. వాసన కూడా చూసింది. ఏడేళ్ళలో ఎవరూ అలా చూడలేదు.

"చెడింది ఎక్కడే?" అంది.

నాకు అర్థం కాలేదు. "అదే అమ్మీ. మొత్తం అదే."

"మొత్తం కాదు. చెడిన చోటు చూపించు. రంగు మంచిగా ఉంది. గట్టిగా ఉంది. గడ్డ లేదు, చీము లేదు, వాసన లేదు. ఈ మూతి కాడ కాస్త ఎర్రగా ఉంది, ఇదేనా నువ్వు చెప్పే పుండు? ఇది మంచిదేనే. పిల్లలు పుట్టిన సంచి ఇలాగే ఉంటుంది."

బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ ఏం పని చేస్తుందో ఇప్పుడు అందరికీ తెలిసిపోతుందనే భయం తప్ప ఇంకేమీ లేదు ఆ నిమిషంలో.

"ఊరుకో అమ్మీ. ఇది మేక కాదు" అన్నాను.

అమ్మీ నా మొహం వంక చూసింది. కోపం లేదు, ఏం లేదు. వేలిని బురఖా కొసకి తుడుచుకుంది. "అయితే అది నాకివ్వు. మట్టిలో పెట్టాలి. మన ఒంట్లోది చెత్తలో పడకూడదు" అంది.

"ఇక్కడ ఇవ్వరు" అని చెప్పి లోపలికి వచ్చేశాను.

లోపలికొచ్చి ట్రే బల్ల మీద పెట్టాను. మామూలుగా అయితే బకెట్లో వేసెయ్యాలి. ఏడేళ్ళలో మొదటిసారి ట్రేలోకి తొంగి చూశాను. అమ్మీ నొక్కినచోట నొక్కాను, తిప్పిన వైపు తిప్పాను. గడ్డ లేదు, చీము లేదు. మేడమ్ చేతులు కడుక్కుంటోంది.

"మేడమ్, దీన్ని పరీక్షకి పంపిద్దామాండి?" అన్నాను.

"ఎందుకు? నువ్వే చూశావుగా పుండు. నీకూ అనుమానాలు మొదలయ్యాయా?" అని నవ్వింది. మరీ చెడ్డగా కూడా నవ్వలేదు. అప్పటికి ఆవిడ తర్వాతి కేసు గురించి ఆలోచిస్తోంది.

ఆవిడ వెళ్ళాక, మధ్యాహ్నం నేను భోజనం తెచ్చుకున్న సంచిలోంచి పచ్చడి సీసా తీశాను. వెడల్పు మూతి సీసా. కడిగి, కుళ్ళిపోకుండా ఫార్మలిన్ పోసి, చెల్లిది అందులో పెట్టి మూత బిగించి, నల్ల కవర్లో చుట్టాను. తెనాలిలో ఏ ల్యాబ్‌కి వెళ్ళినా సాయంత్రానికి మేడమ్ చెవిన పడుతుంది. బాపట్లలో ఒక పెద్దాయన, డాక్టరే, ల్యాబ్ పెట్టుకుని ఆపరేషన్లలో తీసిన ముక్కలు పరీక్ష చేస్తాడని విన్నాను. మర్నాడు సెలవు పెట్టి ప్యాసింజరు ఎక్కాను. సీసాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నిడుబ్రోలు దగ్గర ఎక్కిన ఒకావిడ పక్కన కూర్చుని, "ఏంటమ్మా, ఆవకాయా? నూనె కారకుండా చూసుకో" అంది.

"అలాగేనండి" అన్నాను. ఇంకేం అనను?

వారం తర్వాత రిపోర్టు కోసం వెళ్ళాను. ఆ పెద్దాయన కాగితం నాకివ్వకుండా చేతిలోనే పెట్టుకుని, "ఈ అమ్మాయి వయసు ఇరవయ్యారని రాశావు. తప్పు పడిందా?" అన్నాడు.

"లేదండి. ఇరవయ్యారే."

"ఎందుకు తీశారు?"

"తెల్లబట్టండి. నడుం నొప్పి. మూతి మీద పుండు పడిందన్నారు."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అది పుండు కాదమ్మా. పిల్లల్ని కన్నవాళ్ళలో చాలామందికి అక్కడ ఎర్రగా ఉంటుంది. దాన్ని జబ్బనరు. తెల్లబట్టకి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వారం రోజులు బిళ్ళలు మింగితే సరిపోయేది. ఇందులో జబ్బంటూ ఏమీ లేదు." మళ్ళీ అన్నాడు, "దాంతోపాటు రెండు అండాశయాలు కూడా తీసేశారు. అవెందుకు తీశారు?"

"ఎప్పుడూ తీస్తారండి. ఉంచితే తర్వాత క్యాన్సర్ వస్తుందని."

ఎప్పుడూ అన్న మాట దగ్గర ఆయన నా వంక అదోలా చూశాడు. "ఆ రెండూ ఉంటేనే ఎముకలకి బలం, ఒంటికి వయసు. ఇరవయ్యారేళ్ళ పిల్లకి ఒక్కరోజులో యాభై ఏళ్ళ వయసు మీద పెట్టారు. డాక్టరుకి చూపించి మందులు వాడించండి, వదిలెయ్యకండి" అన్నాడు. మా చదువుకోని అమ్మీ వేలితో నొక్కి చెప్పిందే, ఈయన వారం రోజులు మైక్రోస్కోపులోంచి చూసి చెప్పాడు. నేను ఏడేళ్ళు దాన్ని చేతుల్తో మోసి కూడా చూడలేదు. బాపట్ల స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, ఇప్పటిదాకా ఎన్ని ట్రేలు పట్టానో లెక్కవేయబోయి, భయమేసి మానేశాను. తెనాలి బండి వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

మిగిలిందాన్ని సీసాలోనే తిరిగిచ్చారు. ఆ ఆదివారం రేపల్లె తీసుకెళ్ళాను. అమ్మీ నల్ల కవరు చూసి ఏంటని అడగలేదు. పెరట్లో గోడ వారన గునపంతో గుంట తీసింది, తెల్లగుడ్డలో చుట్టి పెట్టింది, మట్టి కప్పింది, చేతులు కడుక్కుంది. రిపోర్టు ఏమొచ్చిందని కూడా అడగలేదు. అడిగుంటే బాగుండేది, కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. అన్నం తినమంది. తిన్నాను.

చెల్లికి మాత్రం చెప్పలేదు. పోయింది ఎలాగూ పోయింది, చెప్తే దాని మనసు కూడా విరుగుతుంది అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. అది నన్ను చూసే చూపు పోతుందని భయం. అది ఫోన్ చేసినప్పుడల్లా, "హాయిగా ఉంది ఆపా, నెలనెలా ఆ గోల లేదు" అనేది. రెండు మూడు నెలలయ్యాక మాట మారింది. "ఒళ్ళంతా ఆవిర్లు వస్తున్నాయి. పుష్యమాసం చలిలో ఫ్యాన్ వేసుకుంటున్నాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. పాప ఏడిస్తే విసుగొచ్చి కొడుతున్నాను ఆపా, నాకేమవుతోంది?" అనేది. నీరసం, తగ్గిపోతుంది, ఈ కాల్షియం బిళ్ళలు వాడు అని కవర్లో పెట్టి పంపేదాన్ని. డాక్టరుకి చూపించమని ఆ పెద్దాయన అన్న మాట మింగేశాను, చూపిస్తే ఏం తీశారో అడుగుతారు కదా. ఎందుకో అది అమ్మీ ఇంటికి రావడం కూడా తగ్గించేసింది. నగరం నుంచి రేపల్లె ఎంత దూరం? అయినా పండక్కి కూడా రాలేదు. వాళ్ళ మధ్య ఏదో మాటా మాటా వచ్చి ఉంటుందనుకున్నాను.

ఇంకో మాట కూడా దాచుకోకుండా చెప్పాలి. ఉద్యోగం మానలేదు. ట్రే డ్యూటీ కూడా మానలేదు. ఆ మాట అనడం ఒక్కటే మానేశాను. గుడ్డ తీసి ఊరికే నిలబడేదాన్ని. నేను నోరు విప్పకపోయినా వాళ్ళే చూసి, "అమ్మో, ఇంత చెడిపోయిందా" అనేవాళ్ళు. నేను కాదు అనలేదు.

అలా నాలుగో నెలలో ఒక సోమవారం పొద్దున చెల్లి ఆసుపత్రికి వచ్చింది. పక్కన దాని ఆడపడుచు. ఇరవైమూడేళ్ళ పిల్ల, ఒక్క కొడుకు. చేతిలో స్కానింగు పెట్టిన ప్లాస్టిక్ కవరు. చెల్లి మొహం చెమటతో మెరుస్తోంది, అంత పొద్దున్నే.

"ఆపా, దీనికీ నాలాగే తెల్లబట్ట. ఆర్ఎంపీ గారు తీయించమన్నాడు. మా అత్త భయపడుతుంటే నేనే చెప్పాను, మా ఆపా దగ్గరుండి చేయిస్తుంది, ఏం కాదు అని. నాకు చేయించినట్టే చేయించు" అంది.

ఆ పిల్ల సిగ్గుగా నవ్వి, "మీరు పక్కనుంటే చాలండి ఆపా" అంది.

వద్దు, ఇంటికి వెళ్ళిపోండి అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే చెల్లి గురించి చెప్పాలి. నోరు మూసుకుంటే పది గంటలకి ఈ పిల్ల బల్లెక్కుతుంది, రేపో ఎల్లుండో నేను గుడ్డ తీస్తాను. ఓపీ మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. ఇద్దర్నీ మేడ మీదికి తీసుకెళ్ళాను. అక్కడ థియేటర్ గుడ్డలు దండేల మీద ఆరుతున్నాయి, అన్నీ ఆకుపచ్చవే. రిపోర్టు నా సంచిలోనే ఉంది. నాలుగు నెలలుగా ఎక్కడికి వెళ్ళినా మోస్తూనే ఉన్నాను. తీసి చెల్లి చేతిలో పెట్టాను.

"దీనికి చేయించొద్దు. బిళ్ళలతో పోతుంది" అన్నాను. "నీకూ పోయేది. నీదాంట్లో జబ్బు లేదు. ఇదుగో, బాపట్లలో పరీక్ష చేయించాను. మంచిదాన్నే తీసేశారు. ఈ ఆవిర్లు, ఈ నొప్పులు అందుకే."

ఆడపడుచు కవరు గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. చెల్లి ఆ కాగితం చదవలేదు, అది ఇంగ్లీషులో ఉంది. మడతల మీద వేలు రాస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

"ఇది ఎప్పుడొచ్చింది?" అంది.

"ఆపరేషన్ అయిన వారానికి."

తర్వాత మామూలు గొంతుతోనే అంది.

"అమ్మీ నాకు ఆ రోజే చెప్పింది ఆపా. మత్తు దిగాక మంచం పక్కన కూర్చుని, నీది మంచిదేనే, ఊరికే తీశారు, సంచి తీసినవాళ్ళకి ఆవిర్లొస్తాయి, జాగ్రత్తగా ఉండు అంది. నేనే అమ్మీ మీద కేకలేశాను. ఆపా కళ్ళారా చూసింది, ఆపా చదువుకుంది, నువ్వు పేగులు కడిగేదానివి నీకేం తెలుసు అన్నాను. అప్పట్నుంచి ఆ గడప తొక్కలేదు."

నేను చెయ్యి పట్టుకోబోతే వదిలించుకోలేదు గానీ, పట్టుకోనూ లేదు. రిపోర్టుని మడిచి ఆడపడుచు కవర్లో పెట్టింది. "పద" అని ఆ పిల్లని ముందు నడిపించింది. రెండు మెట్లు దిగి ఆగి, "తీసింది ఎక్కడేశారు?" అని అడిగింది.

"అమ్మీ పాతిపెట్టింది. మన పెరట్లో, గోడ వారన."

"సరే. మేం రేపల్లె బండికి వెళ్తాం" అంది. నన్ను రమ్మనలేదు.